బావిలో పావురాలు, జువ్వి మీద పచ్చగువ్వలు

మా పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టు కొట్టాలన్నా, పాత గోడ కూల్చాలన్నా, గడ్డివాము విప్పాలన్నా ముందు ఇంటి ఆడిబిడ్డ వచ్చి చూడాలి. గూట్లో పిల్లలున్నాయో లేవో ఆమె చెప్పాలి. ఉన్నాయంటే పని ఆగుతుంది. లేవంటే గొడ్డలి లేస్తుంది. మగవాళ్లకు పని తొందర, ఆ తొందరలో గూళ్లు కళ్లకు ఆనవు అనేది మా అమ్మ. "గూట్ల పిల్లలుండంగ చెట్టు కొడితే ఇంట్ల తొట్టె ఊగది బిడ్డా" అని ఆమె మాట. ఇది ఎక్కడ పుట్టిందో తెలియదు. పక్క ఊళ్లలో అడిగితే నవ్వారు. మా ఇంట్లో మాత్రం అమ్మ పోయాక కూడా నిలిచింది. నేను ఒక్కదాన్నే ఆడిబిడ్డను కాబట్టి ఆ కొలువు నాదే. సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పిన కొలువుకు పదవీ విరమణ వచ్చింది గానీ దీనికి రాలేదు.

నాన్న పొలంలో మాకు చివరికి మిగిలింది అర ఎకరం, విమానాశ్రయం పక్కన, సాతంరాయి దగ్గర. చుట్టూ రోడ్లు పడ్డాయి, గోదాములు లేచాయి. ఆ అర ఎకరంలో ఒక పాత రాతికట్టు బావి ఉంది. దాని మీదికి వంగి ఒక జువ్వి చెట్టు ఉండేది. వ్యవసాయం ఆగిపోయి చాలా ఏళ్లయింది. విమానాలు మాత్రం రోజంతా ఆ చెట్టు పైనుంచే దిగుతుంటాయి, చక్రాలు లెక్కపెట్టేంత కిందుగా. బావిలో అడుగున కాసిన్ని నీళ్లుంటాయి. విమానం నీడ ఒక్క క్షణం ఆ నీళ్ల మీద నుంచి జారిపోతుంది. చిన్నప్పుడు ఆ బావిలో ఈత నేర్చుకున్న నాకు, ఆకాశం ఇప్పుడు అందులో ఈదుతున్నట్టుండేది.

మా అన్నకు ఒకరోజు ఆలోచన వచ్చింది. "విమానమెక్కెటోళ్లు కార్లు యాడ పెడ్తరు చెల్లె? లోపల పెడితే పరేషాన్. మన జాగల పెడ్తరు" అన్నాడు. నేల చదును చేసి, రేకుల షెడ్డు వేసి, కార్ల పార్కింగు పెడతాడట. దానికి బావి అడ్డం. పూడ్చాలి. నేనుండేది తుక్కుగూడలో. ఫోన్ చేసి, "జర వచ్చి బాయిల చూసి పో" అన్నాడు. మా అన్న మాటంటే మాటే అనే మనిషి. నేను చూడకుండా ఒక్క తట్ట మట్టి వేయడని తెలుసు. స్కూటీ మీద బయల్దేరాను.

బావి గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి తొంగి చూశాను. అరవై ఏళ్ల మనిషి అలా పడుకుంటే మా వదిన నవ్వింది. లోపల చల్లగా, పాచి వాసనగా ఉంది. రాళ్ల సందుల్లో పావురాలు. బూడిద రంగు ఒళ్లు, రెక్క మీద రెండు నల్ల గీతలు, మెడ తిప్పితే ఆకుపచ్చా ఊదా కలిసి మెరిసే మెరుపు. మేడల మీద, దర్గాల దగ్గర చూసే పావురాలకు ఇవే మూలం. కొండ చరియల్లో, పాత కోటల్లో, బావుల్లో బతికే అసలైన అడవి జాతి. మా వైపు వీటిని బాయి పావురాలంటారు. వాటి కూత బావిలో తిరిగి తిరిగి కడవలో మాట్లాడినట్టు పైకి వచ్చేది. ఒక సందులో రెండు పిల్లలు కనిపించాయి. పసుపు నూగు, పెద్ద ముక్కు, లోకంలో ఇంత అందవికారం మరొకటి ఉండదనిపించే ముఖాలు.

"రెండున్నయన్నా. ఇంక ఈకలు గూడ రాలే" అన్నాను.

"ఎన్నొద్దులు పడ్తది?"

"ఓ నెల."

"సరే తీయ్. నెల ఆగుదం" అన్నాడు అన్న.

నెల తర్వాత వెళ్లాను. ఆ రెండూ ఎగిరిపోయాయి. పక్క సందులో రెండు గుడ్లు. మళ్లీ ఆగాం. అవి పిల్లలై, ఎగిరేలోపు ఎదురు గోడలో ఇంకో జంట పుల్లలు మోస్తోంది. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ వచ్చింది. నేను వెళ్లిన ప్రతిసారీ బావిలో ఏదో ఒక గూట్లో పసుపు నూగు కనిపిస్తూనే ఉంది. అన్న నెత్తి గోక్కున్నాడు.

"ఏంది చెల్లె, వీటికి కాలం కట్టడి లేదా?"

"లేదన్నా. బాయి పావురం ఏడాది పొడుగూ పిల్లల్ని చేస్తది."

"ముందుగాల చెప్పొద్దా గా ముచ్చట!"

తెలిసే చెప్పలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, పావురం ఏడాదంతా గుడ్లు పెడుతుందని నాకు తెలియదా? కానీ అడగని ప్రశ్నకు జవాబివ్వడం టీచర్ల పని కాదు. నేను అబద్ధం ఆడలేదు. ఆ మాటకొస్తే జన్మలో ఆడలేదు, ఆడినవాళ్లను బెంచీ ఎక్కించాను. పిల్లలు నాకు వెనకాల నిజాల టీచరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు లోలోపల ఇష్టమే.

"మీ చెల్లె లెక్కల టీచరైనా బాగుండు, ఈ లెక్క ఎప్పుడో ఓనాడు తేలుతుండె" అంది వదిన.

అలా రెండేళ్లు గడిచాయి. చూసి రావడం అనే పని చూస్తూ కూచోవడంగా మారింది. మధ్యాహ్నం వదిన పెట్టిన జొన్నరొట్టె తిని, జువ్వి చెట్టు కింద నులక మంచం వేసుకుని వెల్లకిలా పడుకునేదాన్ని. పైన ఆకులు, ఆకుల పైన విమానం, కింద బావిలో గుటగుట. ఏది కల, ఏది మెలకువ అని విడదీయడం చేతనయ్యేది కాదు. ఒకసారి అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూచుని "లేవే, పొద్దుగూకింది" అన్నట్టయింది. కళ్లు తెరిస్తే ఎండ నడినెత్తినే ఉంది.

జువ్వి కాయలకు వచ్చే పచ్చగువ్వలను నేను సరిగ్గా చూసింది ఆ మంచం మీది నుంచే. చెట్టు మీద అవి ఉన్నాయని ముందు చెవికి తెలుస్తుంది. వాటిది గుటగుట కాదు, ఈల. తెలిసినవాళ్లెవరో దూరం నుంచి ఈల వేసి, మనం తిరిగి చూసేసరికి ఊరుకున్నట్టుంటుంది. ఎంత వెతికినా ఆకులే. పదవీ విరమణప్పుడు తోటి టీచర్లు ఇచ్చిన బైనాక్యులర్ పెట్టి అరగంట చూస్తే, ఒక ఆకు మెల్లగా తల తిప్పి కాయ మింగేది. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, బూడిద రంగు తల, భుజం మీద వంగపువ్వు రంగు మచ్చ, పసుపు రాసిన పెళ్లికూతురి పాదాల్లాంటి కాళ్లు. ఒకటి కనిపించాక పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి, చూస్తుండగా చెట్టు నిండా అవే. మనం దగ్గితే చాలు, సగం చెట్టు లేచి ఎగిరిపోయేది.

అవి నేల మీద కాలు పెట్టవని అమ్మ చెప్పేది. దాహమై నీళ్లకు దిగినా కాళ్లతో ఒక పుల్ల పట్టుకుని దిగుతాయట, ఆ పుల్ల మీదే నిలబడతాయట. జీవశాస్త్రం చదువుకున్నాక నేను అమ్మను సరిదిద్దబోయాను. అవసరమైతే దిగుతాయి అన్నాను. "నువ్వు సూసినవా?" అంది. చూడలేదు. ఆ రెండేళ్లలోనూ చూడలేదు.

రెండూ ఒకే వంశం. పావురం, పచ్చగువ్వ, రెండూ నీళ్లలో ముక్కు ముంచి తల ఎత్తకుండా పీల్చి తాగుతాయి. కోడి తాగినట్టు గుక్కకోసారి ఆకాశం చూడవు. రెండూ తమ గొంతు సంచిలో ఊరిన పాలు పిల్లల నోట్లో పోసి పెంచుతాయి. గూడు కట్టడంలో రెండూ రెండే, నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా వేసి అయిపోయిందంటాయి. పచ్చగువ్వ గూడునైతే కింద నిలబడి చూస్తే సందుల్లోంచి తెల్లటి గుడ్లు కనపడతాయి. కానీ బతుకు తీరులో పోలికే లేదు. పావురానికి గింజ దొరికితే చాలు, అది గోదాము ముందైనా, గుడి ముందైనా, వంతెన కిందైనా. రాతి సందు లేకపోతే రేకు సందు. పచ్చగువ్వకు పండు కావాలి, అదీ జువ్వి, రావి, మేడి లాంటి చెట్ల పండు. పిల్లల్ని చేసేది ఎండాకాలం ఒక్కటే. వానలు దిగేసరికి పిల్లలు ఎగిరిపోయి, చెట్టు మీద గూళ్లు ఖాళీ. ఆ తర్వాత అది ఏడాది పొడుగునా ఏ చెట్టు పండితే ఆ చెట్టుకు తిరుగుతుంది. దాని తలలో మా ఊళ్ల చెట్ల పట్టిక ఒకటి ఉండి ఉండాలి.

అన్న ఒకసారి అడిగాడు. "ఇవి అంతరించిపోతున్నయా చెల్లె? పేపర్ల రాస్తుంటరు గద, గవేనా?"

ఫోన్‌లో చూసి చెప్పాను. ప్రపంచ జాబితాలో రెండూ ఒకే గడిలో ఉన్నాయి, ఆందోళన అక్కర్లేని జాతులు అని. పచ్చగువ్వను పక్కనున్న మహారాష్ట్ర వాళ్లు రాష్ట్ర పక్షి కూడా చేసుకున్నారని చెప్పాను.

"మరింకేం, మంచిగనే ఉన్నయి" అన్నాడు.

మంచిగానే ఉన్నాయి. నేనూ అదే అనుకున్నాను. నా దిగులంతా పావురాల మీదే ఉండేది. జల్‌పల్లి వైపు మిద్దెల మీద సరదాకు పెంచుకునే కబూతర్లు తప్పిపోయి వచ్చి మా బావి పావురాలతో జతకట్టడం మొదలుపెట్టాయి. ఒక ఏడాది పిల్లల్లో ఒకదానికి తెల్ల రెక్క వచ్చింది. మరుసటి ఏడు గోధుమ రంగువి రెండు. పావురాల సంఖ్య తగ్గలేదు, పెరిగింది కూడా. తరిగిపోతున్నది ఆ బూడిద రంగు, ఆ రెండు నల్ల గీతలు. అడవిది అడవిదిగా లేకుండా పోతే దాన్ని ఏ జాబితా ఏ గడిలో వేస్తుందని మంచం మీద పడుకుని తెగ బాధపడేదాన్ని. నా బాధ బాధే, కానీ నెత్తి మీద చెట్టు ఉండగా నేను చూస్తున్నదల్లా కిందికే.

చివరికి అన్న బావి చుట్టూ కంచె వేసి, దాన్ని వదిలేసి మిగతా జాగాలో పార్కింగు తెరిచాడు. ఒక పక్క రేకుల షెడ్డు, ముందు గేటు. కార్లు వచ్చాయి. ఎక్కువ తెల్లవి. జువ్వి చెట్టు ఏడాదికి రెండు మూడుసార్లు పండేది. పండినప్పుడు కాయలు రాలి, గువ్వలు రెట్టలు వేసి, వారం తర్వాత దుబాయి నుంచి దిగొచ్చిన మనిషికి తన కారు రంగు గుర్తుపట్టడం కష్టమయ్యేది. వాళ్లు అన్న మీద కేకలు వేసేవాళ్లు. అన్న బకెట్‌తో నీళ్లు తెచ్చి కడిగేవాడు. నేను వెళ్లినప్పుడు ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడు, నేనూ నవ్వేదాన్ని.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. వెళ్లాను. వాన వెలిసి అంతా కడిగినట్టుంది. అన్న మంచి హుషారుగా ఉన్నాడు.

"బాయిని ఇగ ముట్టుకోను చెల్లె. ఉండనీ. కార్లకు సరిపోయేంత జాగ ఎట్లనో అట్ల చేసుకుంట" అన్నాడు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గెలిచాను అనుకున్నాను. ఆ సంతోషంలో ఉండగానే అన్నాడు, "జర జువ్వి మీద గూండ్లల్ల పిల్లలున్నయేమో చూసి చెప్పు."

ఆ ప్రశ్న ఎందుకడుగుతారో నాకు తెలియదా? మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఒకటే అర్థం. కానీ ఆ క్షణంలో నాకది పరీక్షలో సులువైన ప్రశ్నలా అనిపించింది, నిజం చెప్పాలంటే అంతే. బైనాక్యులర్ తీసుకుని చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాను. కొమ్మ కొమ్మా చూశాను. పోయిన ఎండాకాలం గూళ్లు నాలుగు కనిపించాయి, పుల్లలు జారిపోతూ, ఖాళీగా. గువ్వ ఒక్కటీ లేదు, పండు కాలం కాదు కాబట్టి. ఎంత శ్రద్ధగా చూశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"లేవన్నా. అన్నీ ఎగిరిపోయినయి" అన్నాను.

"మంచిగ చూసినవా?"

"మూడు చుట్లు చూసిన."

అన్న తల ఊపాడు. వదిన చాయ్ తెచ్చింది. తాగి ఇంటికి వచ్చేశాను.

పది రోజుల తర్వాత వెళితే, గేటు దగ్గరే ఏదో తేడా తెలిసింది. వెలుగు ఎక్కువైంది. బావి పక్కన నా నడుమంత ఎత్తుండే వేళ్ల గుబురు చోట తెల్లటి మొద్దు. దాన్నుంచి ఇంకా పాలు కారుతున్నాయి, జువ్వి పాలు, చిక్కగా. అన్న షెడ్డులోంచి వచ్చాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

"నువ్వు లేవంటివి గద చెల్లె."

నిష్ఠూరం కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నేనన్నది నిజం, ఆయన చేసింది అమ్మ చెప్పిన పద్ధతి. ఇద్దరం ఎక్కడా తప్పు చేయలేదు, చెట్టు మాత్రం లేదు. అమ్మ నియమం గూట్లోని పిల్లల కోసం పెట్టింది. పండు కోసం వచ్చే పిట్టను ఆ నియమంలో ఆమె చేర్చలేదు. ఆ రోజుల్లో చెట్టుకు చెట్టు దొరికేది, ఆ సంగతి వేరే చెప్పాల్సిన పనిలేదు. నేను చెప్పాల్సింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, ఒక్క మాట ఎక్కువ చెప్పలేకపోయాను. ఆ రోజు మొద్దు మీద కూచుని ఏడ్చాను. చీరకు జిగురంటింది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఊరికే వెళ్లాను. సన్నగా మంచు పట్టి ఉంది. కార్ల అద్దాలన్నీ మసకగా, షెడ్డు రేకులు సగమే కనిపిస్తూ, నేనింకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించేలా ఉంది. అప్పుడు అవి వచ్చాయి. ఇరవై, ముప్పై ఉంటాయి, ఆకుపచ్చగా, గుంపుగా, తూర్పు నుంచి. ఏటా ఈ పాటికి జువ్వి పండేది. నేరుగా చెట్టున్న చోటికే వచ్చాయి, చెట్టు ఎత్తుకే దిగాయి, దిగాల్సిన చోట ఏమీ లేక చప్పున పైకి లేచాయి. ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు. మంచులో రెక్కల చప్పుడు వినిపిస్తోంది, ఈల లేదు. కింద అంత నేల ఉంది, అంత షెడ్డు ఉంది, ఒక్కటీ దిగలేదు. మూడో చుట్టు తిరిగి జల్‌పల్లి వైపు వెళ్లిపోయాయి. నేను చెట్టు చుట్టూ తిరిగినవీ మూడే.

అదే సమయంలో కార్ల మధ్య బావి పావురాలు నడుస్తున్నాయి. డ్రైవర్లు విసిరిన మరమరాలు ఏరుకుంటున్నాయి. ఒకటి తెల్ల కారు మీదెక్కి అద్దంలో తనను తాను చూసుకుంటోంది. వాటి మీద నాకు కోపం వచ్చింది. పాపం, వాటి తప్పేముంది? మీ కోసం రెండేళ్లు బోర్లా పడుకున్నానే అని మాత్రం అనుకున్నాను.

"పోయిన వారం గూడ వచ్చినయి" అన్నాడు అన్న నా వెనక నుంచి. "గిట్లనే తిరిగి తిరిగి పోయినయి. నాకు అన్నం సయించలే చెల్లె ఆ రోజు."

ఆయనను అనడానికి నాకు హక్కు లేదు.

మొన్న ఉగాది దాటాక అన్న మళ్లీ పిలిచాడు. కార్లు పెరిగాయి, జాగ చాలడం లేదు. "బాయి ముట్టుకోనని మాటిచ్చిన, నీ మాట లేనిది ముట్టుకోను. ఒక్కపారి చూడు. పిల్లలుంటె సప్పుడు చేయకుంట ఊకుంట" అన్నాడు. గొంతులో బతిమాలడం ఉంది. కొడుకులిద్దరూ ఇంటి పక్కనే దుకాణాలు పెట్టుకున్నారు, అన్నకు మిగిలిన పని ఈ పార్కింగే.

గట్టు మీద బోర్లా పడుకున్నాను. వదిన నవ్వలేదు ఈసారి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, ఒక్కో సందే చూశాను. గూళ్లన్నీ ఖాళీ. అన్ని ఏళ్లలో మొదటిసారి బావిలో గుటగుట లేదు. వెనక్కి తల తిప్పితే తెలిసింది, పావురాలన్నీ షెడ్డు రేకుల కింద ఇనప దూలాల మీద కూచున్నాయి. అక్కడే గూళ్లు, అక్కడే పిల్లలు. ఎండకు నీడ, వానకు రేకు, కింద మరమరాలు. బావి వాటికి ఇక అక్కర్లేదు.

మళ్లీ లోపలికి చూశాను. మూడో వరస రాళ్ల సందులో, పాత పావురం గూటి మట్టిలోంచి, ఒక మొలక. బొటనవేలంత కాండం, ఐదు ఆకులు, చివర ఎర్రటి చిగురు. జువ్వి. ఏ పిట్ట పండు తిని ఎప్పుడు రెట్ట వేసిందో. విమానం ఒకటి పైనుంచి పోయింది, దాని నీడ ఆ ఆకుల మీద నుంచి నీళ్లలోకి జారింది.

"ఏంది చెల్లె? ఉన్నయా?" అన్నాడు అన్న. కంచె అవతలే నిలబడ్డాడు. ఆడిబిడ్డ చూస్తున్నప్పుడు మగవాళ్లు గట్టు దాకా రాకూడదు, అదీ మా ఆనవాయితీలో భాగమే.

బెంచీ ఎక్కించిన పిల్లలంతా గుర్తొచ్చారు.

"ఉన్నయన్నా" అన్నాను.

"ఎన్ని?"

"ఒక్కటే."

"ఎన్నొద్దులు పడ్తది ఎగరనీకి?"

"శానా పడ్తది. ఈ పిల్ల జర నెమ్మది."

నేను లేవలేదు, ముఖం బావిలోనే ఉంచుకున్నాను.

"సరే, ఆగుదం" అని గేటు వైపు వెళ్లిపోయాడు. బావిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.